ఏఆర్ రైఫిల్‌కు బదులు మినీ-14: కొనే ముందు రేంజ్‌లో పరీక్షించి చూడటం ఎలా

అమెరికాలో లక్ష్యాన్ని గురిచూసి కాల్చడాన్ని వారాంతపు సరదాగా మొదలుపెట్టిన మన తెలుగువారిలో చాలామంది మొట్టమొదట పట్టుకునేది ఏఆర్-15 తరహా రైఫిల్‌నే. కాల్చడం సాధన చేసే స్థలమైన రేంజ్‌లో అద్దెకు తేలికగా దొరికేది అదే, స్నేహితుల దగ్గర ఉండేదీ అదే. కొన్నాళ్లు గడిచాక, ప్లాస్టిక్ పిడి, పిస్తోలు పట్టు ఉన్న ఆ ఆకారం నచ్చకనో, తాము ఉండే రాష్ట్రంలో దాని మీద ఆంక్షలు ఉండటం వల్లనో, లేక కొత్తదేదైనా చూద్దామన్న కుతూహలం వల్లనో, అదే పని చేసే మరో రైఫిల్ ఉందా అని అడుగుతారు. అలా అడిగేవారికి ఎక్కువగా వినిపించే పేరు రూగర్ కంపెనీ 1973లో తెచ్చిన మినీ-14. దీన్ని కొనేసి ఆ తర్వాత చింతించడం కన్నా, ఒకటి రెండు పూటలు రేంజ్‌లో పద్ధతిగా పరీక్షించి నిర్ణయించుకోవడం మేలు. ఆ పరీక్ష ఎలా చేయాలో, నేను టెక్సస్‌లో చేసిన పొరపాట్లతో సహా, ఇక్కడ వివరిస్తున్నాను.

ముందుగా ఒక మాట. సెమీ ఆటోమేటిక్ అంటే ట్రిగ్గర్‌ను ఒకసారి నొక్కితే ఒక్క తూటా మాత్రమే పేలుతుంది. ఖాళీ తొడుగును బయటికి విసిరి, తర్వాతి తూటాను చాంబర్‌లోకి, అంటే అది కూర్చునే గదిలోకి, ఎక్కించే పని మాత్రం రైఫిల్ తనంతట తానే చేసుకుంటుంది. నొక్కి పట్టుకుంటే వరుసగా పేలే ఆయుధం వేరు, దానికి చట్టాలు వేరు. ఏఆర్ అన్న రెండు అక్షరాలు కూడా దాన్ని మొదట రూపొందించిన ఆర్మలైట్ కంపెనీ పేరు నుంచి వచ్చినవే తప్ప, చాలామంది అనుకునే 'అసాల్ట్ రైఫిల్' అన్న అర్థం వాటికి లేదు.

మొదటి మెట్టు: మీ వీసా ఏమిటో చూసుకోండి

తెలుగువారికి సంబంధించినంతవరకు ఇదే అన్నిటికన్నా ముఖ్యమైన మెట్టు. దీన్ని దాటకుండా మిగతావి చదవడం వల్ల ప్రయోజనం లేదు. హెచ్-1బి, హెచ్-4, ఎఫ్-1, బి-2 వంటి నాన్ ఇమిగ్రెంట్ వీసాల మీద అమెరికాలో ఉన్నవారు తుపాకీని గానీ తూటాలను గానీ తమ వద్ద ఉంచుకోకూడదని అక్కడి ఫెడరల్ చట్టం చెబుతోంది. ఉంచుకోవడం అంటే కొని ఇంట్లో పెట్టుకోవడం ఒక్కటే కాదు. రేంజ్‌లో గంటసేపు అద్దెకు తీసుకున్నా, పక్కన నిలబడ్డ స్నేహితుడు తన రైఫిల్‌ను చేతికిచ్చి రెండు తూటాలు కాల్చమన్నా, అదీ ఉంచుకోవడం కిందికే వస్తుంది. ఆఫీసు వాళ్లంతా కలిసి రేంజ్‌కు వెళుతున్నారని సరదాగా బయలుదేరే హెచ్-1బి ఉద్యోగులలో ఎక్కువమందికి ఈ సంగతి తెలియదు.

ఈ నిషేధానికి కొన్ని మినహాయింపులు ఉన్నాయి. వాటిలో మనవారికి పనికివచ్చేది ఒకటే: అమెరికాలోని ఏదైనా రాష్ట్రం జారీచేసిన, గడువు తీరని వేట లైసెన్సు. అది ఉన్నవారికి ఫెడరల్ చట్టం సడలింపు ఇస్తుంది కానీ, మీ రాష్ట్రం చట్టం, రేంజ్ సొంత నిబంధనలు అంతకన్నా కఠినంగా ఉండవచ్చు. గ్రీన్‌కార్డు ఉన్నవారికి ఈ నిషేధం వర్తించదు. అయితే తుపాకీ చట్టాలకు సంబంధించిన నేరం రుజువైతే గ్రీన్‌కార్డు ఉన్నా దేశం నుంచి పంపివేయడానికి అదొక కారణం అవుతుంది. కాబట్టి అనుమానం ఏమాత్రం ఉన్నా ముందు ఇమిగ్రేషన్ లాయరును అడగండి. కౌంటరు దగ్గర ఉన్న కుర్రవాడు 'ఏం ఫరవాలేదు' అన్నాడని సంతకం పెట్టకండి.

రాష్ట్రాల మధ్య తేడా కూడా పెద్దదే. ఇల్లినాయ్‌లో ఉన్నవారికి ఫోయిడ్ కార్డు, అంటే తుపాకీ యజమాని గుర్తింపు కార్డు, కావాలి. న్యూజెర్సీలో రైఫిల్ కొనాలంటే ముందుగా కొనుగోలుదారు గుర్తింపు కార్డు తీసుకోవాలి. కాలిఫోర్నియా, న్యూజెర్సీలలో మ్యాగజైన్‌లో, అంటే రైఫిల్‌కు తగిలించే తూటాల డబ్బాలో, 10 తూటాలకు మించి పట్టకూడదు. ఏఆర్ మీద ఆంక్షలున్న కొన్ని రాష్ట్రాల్లో, పిస్తోలు పట్టు లేని మామూలు కర్ర పిడితో వచ్చే మినీ-14 మోడల్‌కు ఆ ఆంక్షలు తగలకపోవడం దీనికి గిరాకీ తెచ్చిన కారణాల్లో ఒకటి. అలాగని అన్ని రాష్ట్రాలూ ఒకటే అనుకోకూడదు. కొన్నిచోట్ల దీన్ని పేరు పెట్టి మరీ జాబితాలో చేర్చారు.

రెండో మెట్టు: దేనిని, ఎందుకు పరీక్షిస్తున్నారో తేల్చుకోండి

మినీ-14 చూడటానికి పాతకాలపు సైనిక రైఫిల్‌కు తమ్ముడిలా ఉంటుంది. నిజానికి ఆ పేరే అలా వచ్చింది: అమెరికా సైన్యం వాడిన ఎం14 నమూనాను చిన్నది చేసి, దానికి 223 రెమింగ్టన్ తూటాను అమర్చారు. ఏఆర్‌లోనూ సాధారణంగా వాడేది ఇదే తూటా కాబట్టి, రెండింటినీ పోల్చడం సులభం. తేడా అంతా లోపల ఉంది. ఏఆర్‌లో తూటా పేలినప్పుడు పుట్టే వాయువు ఒక సన్నని గొట్టం గుండా వెనక్కి వచ్చి, చాంబర్‌ను వెనుక నుంచి మూసే బోల్టును మోసే భాగంలోకే చేరుతుంది. అందువల్ల మసి కూడా లోపలికే చేరుతుంది. మినీ-14లో ఆ వాయువు బ్యారెల్ (తూటా బయటికి వెళ్లే గొట్టం) కిందనే ఆగి, అక్కడి ఉక్కు కడ్డీని వెనక్కి తోస్తుంది. ఆ కడ్డీ బోల్టును తిప్పి తెరుస్తుంది. లోపలి భాగాలు అంత మురికి కావు. కానీ కుడివైపున పెద్ద ఉక్కు భాగం ఒకటి ప్రతి తూటాకూ ముందుకూ వెనక్కీ కదులుతూ ఉంటుంది. ఆ కదలిక గురికి కొంత ఇబ్బంది కలిగిస్తుందని అనుభవజ్ఞులు అంటారు.

గురి విషయంలో మినీ-14కు పాత చెడ్డపేరు ఒకటి ఉంది, అది అబద్ధమూ కాదు. తొలి దశాబ్దాల్లో వచ్చిన వాటికి బ్యారెల్ సన్నగా ఉండేది. పది పదిహేను తూటాలకే వేడెక్కి, దెబ్బలు ఒకచోట పడకుండా పక్కకు జరిగేవి. 2005 ప్రాంతంలో తయారీ యంత్రాలను మార్చి, 580తో మొదలయ్యే సీరియల్ నంబర్లతో కొత్త శ్రేణి తెచ్చాక పరిస్థితి బాగా మెరుగుపడింది. కాబట్టి మీరు పరీక్షించేది ఏ తరానిదో సీరియల్ నంబరు చూసి తెలుసుకోండి. పాతదాన్ని కాల్చి కొత్తదాన్ని తప్పుపట్టడం, లేదా కొత్తదాన్ని కాల్చి మురిసిపోయి సెకండ్‌హ్యాండ్‌లో పాతదాన్ని కొనడం, రెండూ జరుగుతూనే ఉన్నాయి.

తుపాకీ కాల్చడమే కొత్త అయితే మాత్రం మినీ-14తో మొదలుపెట్టవద్దని నా సలహా. అదే రూగర్ కంపెనీ 1964 నుంచి అమ్ముతున్న 10/22 అనే చిన్న రైఫిల్ ఉంది. అది కూడా సెమీ ఆటోమేటిక్కే. 22 లాంగ్ రైఫిల్ తూటా వాడుతుంది, భుజానికి తన్ను దాదాపు తెలియదు, శబ్దమూ తక్కువే. నాంపల్లి ఎగ్జిబిషన్‌లో ఎయిర్‌గన్‌తో బెలూన్లు పేల్చిన అనుభవం తప్ప మరేమీ లేనివారు ఒక పూట దానితో గడిపితే, ట్రిగ్గర్ నొక్కేటప్పుడు కళ్లు మూసుకునే అలవాటు ముందే పోతుంది. అలవాటైన చేతులకు కూడా, అసలు పరీక్షకు ముందు 10/22తో ఇరవై తూటాలు కాల్చడం మంచి సాధన.

మూడో మెట్టు: రేంజ్‌కు ముందే ఫోన్ చేయండి

అద్దె రైఫిళ్లలో ఏఆర్ లేని రేంజ్ అరుదు. మినీ-14 ఉన్న రేంజ్ అంతకన్నా అరుదు. అందువల్ల వెళ్లేముందు ఫోన్ చేసి నాలుగు విషయాలు అడగండి. మినీ-14 అద్దెకు ఉందా, ఉంటే ఏ మోడల్. 100 గజాల లేన్ ఉందా. తూటాలు మనవి తెచ్చుకోవచ్చా లేక అక్కడే కొనాలా. ఒంటరిగా వచ్చినవారికి అద్దెకిస్తారా. చివరి ప్రశ్న కొందరికి వింతగా తోచవచ్చు. అద్దె తుపాకీతో ఆత్మహత్యలు జరిగిన చరిత్ర ఉండటంతో, మొదటిసారి ఒంటరిగా వచ్చేవారికి అద్దె ఇవ్వకూడదన్న నియమం చాలా రేంజ్‌లలో ఉంది. తోడు తీసుకుని వెళ్లండి. అది ఆ నియమం కోసమే కాదు, మీ నిలబడే తీరును గమనించి చెప్పేవారు ఒకరు పక్కన ఉండటం పరీక్షకూ అవసరమే.

100 గజాల సంగతి ఎందుకంటే, పైకప్పు ఉన్న రేంజ్‌లలో మామూలుగా 25 గజాలకు మించి ఉండదు. ఆ దూరంలో ఏ మంచి రైఫిల్ అయినా దెబ్బలన్నీ ఒక నాణెం వెడల్పులో పెట్టగలదు. రెండు రైఫిళ్ల మధ్య తేడా మీ చేతి వణుకులో కలిసిపోతుంది. పట్టు, బరువు, ట్రిగ్గర్ తెలుసుకోవడానికి 25 గజాలు చాలు. గురి ఎంత గట్టిదో తెలుసుకోవాలంటే మాత్రం ఆరుబయట 100 గజాల రేంజ్‌కు వెళ్లాల్సిందే. డాలస్ చుట్టుపక్కల ఉండేవారు వేసవిలో ఉదయం తొందరగా వెళ్లడం మంచిది. ఎండలో వేడెక్కిన బ్యారెల్‌ను చల్లార్చడానికి ఎదురుచూస్తూ కూర్చుంటే పూట గడిచిపోతుంది.

తూటాల పెట్టె మీద రాసింది చదవడం నేర్చుకోండి. 223 రెమింగ్టన్, 5.56 నాటో అన్నవి పైకి ఒకేలా ఉంటాయి, ఒకే మ్యాగజైన్‌లో పడతాయి. కానీ 5.56లో ఒత్తిడి ఎక్కువ. దాని కోసం చేసిన చాంబర్ కొలత కూడా కొంచెం వేరు. 5.56 చాంబర్‌లో 223 కాల్చవచ్చు. 223కు మాత్రమే చేసిన చాంబర్‌లో 5.56 కాల్చకూడదు. మినీ-14 రాంచ్ మోడల్ రెండింటినీ స్వీకరిస్తుంది. బరువైన బ్యారెల్ ఉన్న టార్గెట్ మోడల్ 223కే పరిమితం. బ్యారెల్ మీద చెక్కిన అక్షరాలను, యజమాని పుస్తకాన్ని చూడకుండా ఎవరి మాట మీదా ఆధారపడకండి. తూటా బరువు సంగతికి వస్తే, 55 గ్రెయిన్‌లు, అంటే సుమారు మూడున్నర గ్రాములు ఉన్నది ఒక రకం, 62 నుంచి 69 గ్రెయిన్‌ల మధ్యది మరో రకం తీసుకోండి. మినీ-14 బ్యారెల్‌లో తూటాను గింగిరాలు తిప్పే మెలిక గాడి 9 అంగుళాలకు ఒక చుట్టు తిరుగుతుంది, అది ఈ రెండింటికీ సరిపోతుంది. ఉక్కు కలిసిన తూటాలను చాలా రేంజ్‌లు రానివ్వవు, కౌంటరు దగ్గర అయస్కాంతం పెట్టి చూస్తారు.

నాలుగో మెట్టు: ఏం వేసుకోవాలి, ఏం పట్టుకెళ్లాలి

మెడ దాకా గుండీలున్న చొక్కా, టోపీ, బూట్లు. రైఫిల్ విసిరే ఖాళీ తొడుగులు చేయి కాలేంత వేడిగా ఉంటాయి. మెడ తెరిచి ఉన్న బట్టల్లో అవి జారిపడితే మనిషి ఎగిరి గంతేయడం, చేతిలోని తుపాకీ ఎటో తిరగడం క్షణంలో జరిగిపోతాయి. చెప్పులు, వేలాడే చున్నీలు ఇంట్లోనే ఉంచండి.

చెవుల విషయంలో పొదుపు చేయకండి. 140 డెసిబెల్స్ దాటిన ఒక్క చప్పుడు కూడా వినికిడిని శాశ్వతంగా దెబ్బతీయగలదు, 223 రైఫిల్ దాన్ని అవలీలగా దాటేస్తుంది. లోపల స్పాంజి ప్లగ్గులు, పైన మఫ్‌లు, రెండూ పెట్టుకోండి. రెండూ కలిస్తే రక్షణ రెట్టింపు కాదు, ఎక్కువ రక్షణ ఇచ్చే దాని మీద సుమారు 5 డెసిబెల్స్ మాత్రమే కలుస్తుంది. అయినా గోడల మధ్య ఆ ఐదూ విలువైనవే. కళ్లద్దాలు తప్పనిసరి. వీటితోపాటు ఒక నోటుబుక్కు, పెన్ను, అంగుళాల స్కేలు పట్టుకెళ్లండి. పరీక్షకు వెళ్లే పదిమందిలో తొమ్మిదిమంది మరచిపోయేది ఈ నోటుబుక్కునే.

ఐదో మెట్టు: తూటా లేకుండా పరిచయం

జెఫ్ కూపర్ అనే శిక్షకుడి పేరుతో ప్రచారమైన నాలుగు భద్రతా నియమాలు అమెరికాలో ప్రతి రేంజ్ గోడ మీదా ఏదో ఒక రూపంలో కనిపిస్తాయి. ప్రతి తుపాకీలోనూ తూటా ఉన్నట్టే భావించాలి; ధ్వంసం చేయడానికి సిద్ధపడని దేనివైపూ గొట్టం మూతి తిప్పకూడదు; గురి లక్ష్యం మీద కుదిరేదాకా వేలు ట్రిగ్గర్ మీదికి పోకూడదు; లక్ష్యం ఏమిటో, దాని వెనుక ఏముందో తెలిసి ఉండాలి. అద్దె రైఫిల్‌ను అందుకున్న క్షణం నుంచి ఇవి వర్తిస్తాయి. ఇచ్చిన ఉద్యోగి ఖాళీగా ఉందని చూపించినా, మీరు మళ్లీ చూసుకోవాలి. మ్యాగజైన్ తీసి, బోల్టును వెనక్కి లాగి, చాంబర్‌లోకి కంటితో చూసి, వేలితో తడిమి నిర్ధారించుకోండి.

ఏఆర్ అలవాటైన చేతులకు మినీ-14లో మూడు కొత్తదనాలు ఎదురవుతాయి. మొదటిది మ్యాగజైన్. ఏఆర్‌లో దాన్ని నిటారుగా పైకి తోస్తే చాలు. మినీ-14లో ముందు అంచును లోపలి కొక్కేనికి తగిలించి, తర్వాత వెనక్కి ఊపుతూ మూయాలి. టక్కుమని చప్పుడు రావాలి. నేను మొదటిరోజు పాత అలవాటు కొద్దీ నిటారుగా తోశాను. కుదిరినట్టే అనిపించింది. మొదటి తూటా పేలగానే మ్యాగజైన్ ఊడి నేల మీద పడింది, పక్క లేన్‌లోని పెద్దాయన తల తిప్పి చూసి నవ్వాడు. ఖాళీ మ్యాగజైన్‌తో పది పన్నెండుసార్లు పెట్టి తీస్తే చేతికి వచ్చేస్తుంది. తీసేటప్పుడు ట్రిగ్గర్ గార్డు (ట్రిగ్గర్ చుట్టూ ఉండే వంపు) ముందున్న మీటను ముందుకు నొక్కి, మ్యాగజైన్ అడుగును ముందుకు ఊపాలి.

రెండోది సేఫ్టీ. ఏఆర్‌లో బొటనవేలితో తిప్పే మీట ఉంటుంది. మినీ-14లో అది ట్రిగ్గర్ గార్డు ముందుభాగంలో చిన్న నాలుకలా ఉంటుంది; వెనక్కి లాగితే భద్రం, ముందుకు తోస్తే కాల్చడానికి సిద్ధం. ముందుకు తోయడానికి వేలిని గార్డు లోపలికి, ట్రిగ్గర్ పక్కకు తీసుకుపోవాలి. ఎడమచేతివాటం వారికి ఇది వరమే అయినా, వేలు ట్రిగ్గర్ దగ్గరికి పోతోంది కాబట్టి గొట్టం లక్ష్యంవైపు స్థిరపడ్డాకే సేఫ్టీ తీయండి. ఈ అమరిక నాకు ఇప్పటికీ పూర్తిగా నచ్చదు. ఎం14 కాలం నుంచి ఇలాగే వస్తున్నదాన్ని వారు మార్చరని మాత్రం అర్థమైంది.

మూడోది బోల్టును లాగడానికి కుడివైపున ఉండే చిన్న పిడి. అది బోల్టుతోపాటు కదులుతుంది. కాల్చేటప్పుడు చేయి గానీ, ఇసుక సంచి గానీ, చొక్కా అంచు గానీ దానికి అడ్డం రాకూడదు. చివరి తూటా తర్వాత బోల్టు వెనకే ఆగుతుంది. నిండిన మ్యాగజైన్ పెట్టాక ఈ పిడిని కొంచెం వెనక్కి లాగి పూర్తిగా వదిలేయాలి. చేత్తో నెమ్మదిగా ముందుకు తీసుకెళితే బోల్టు సరిగా మూసుకోకపోవచ్చు.

ఆరో మెట్టు: కాల్చడం, రాసుకోవడం

రేంజ్ అధికారి 'హాట్' అంటే కాల్చవచ్చు. 'కోల్డ్' అంటే తుపాకీలన్నీ ఖాళీ చేసి, బోల్టు తెరిచి, బల్ల మీద పెట్టి వెనక్కి జరగాలి. ఎవరైనా ముందుకు వెళ్లి టార్గెట్లు మారుస్తున్నప్పుడు తుపాకీని ముట్టకూడదు. 'సీజ్ ఫైర్' అని ఎవరు అరిచినా, మీ పక్కవాడే అరిచినా, వెంటనే ఆగాలి.

మొదటి మ్యాగజైన్‌లో ఒకే తూటా పెట్టి కాల్చండి. తరువాత రెండు, ఆ తరువాత ఐదు. రైఫిల్ ఎలా కదులుతుందో శరీరానికి తెలియకముందే మ్యాగజైన్ నింపడం మంచిది కాదు. ఇక ఖాళీ తొడుగుల సంగతి. మినీ-14 వాటిని కుడి ముందువైపుకు, నాలుగైదు మీటర్లకు పైగా, కోపంతో విసిరినట్టే విసురుతుంది. లేన్ల మధ్య గోడలు లేని రేంజ్‌లో వీలైతే కుడిచివరి లేన్ అడిగి తీసుకోండి, లేకపోతే పక్కవారికి ముందే చెప్పి క్షమాపణ కోరండి.

అసలు పరీక్ష బల్ల మీద జరగాలి. ముందు ఒక ఇసుక సంచి, పిడి కింద మరొకటి పెట్టి, మీ కండరాల పాత్ర ఎంత తగ్గించగలిగితే అంత తగ్గించండి. మినీ-14కు వెనుక గుండ్రని రంధ్రం, ముందు నిలువు పలక ఉన్న చూపులు ఉంటాయి. రంధ్రం మధ్యలో పలక కొనను నిలపడం కంటి పని. మనసును పలక కొన మీద ఉంచి, లక్ష్యం కొంచెం మసకగా కనిపిస్తే కనిపించనివ్వండి. ట్రిగ్గర్ రెండంచెలుగా వస్తుంది: మొదట కొంచెం వదులుగా వెనక్కి జరిగి, తర్వాత గట్టిగా ఆగుతుంది. ఆగిన చోట నుంచి ఊపిరి సగం వదిలి, వేలిని నిదానంగా బిగించండి. పేలుడు మిమ్మల్ని కొంచెం ఆశ్చర్యపరచాలి. ఎప్పుడు పేలుతుందో ముందే తెలిసిపోతే మీరు ట్రిగ్గర్‌ను లాగేస్తున్నారని అర్థం.

ఒక్కో టార్గెట్ మీద ఐదేసి తూటాలు కాల్చండి. మూడు తూటాలతో దెబ్బలన్నీ దగ్గరదగ్గరగా పడి అందమైన గుంపు వచ్చి మనల్ని మోసం చేస్తుంది, ఐదింటికి అంత సులభంగా రాదు. ప్రతి ఐదింటి తర్వాత బోల్టు తెరిచి, బ్యారెల్ మీద చేయి ఆనించగలిగేంత చల్లబడేవరకు ఆగండి. 55 గ్రెయిన్‌లతో మూడు గుంపులు, బరువైన తూటాలతో మూడు గుంపులు, ఆపైన చల్లార్చకుండా వరుసగా రెండు గుంపులు కాల్చండి. సన్నని బ్యారెల్ బలహీనత ఏమైనా ఉంటే ఆ చివరి రెండింటిలో బయటపడుతుంది. దెబ్బలు మొత్తం ఒక దిక్కుకు జరిగితే అది వేడి ప్రభావం. చెల్లాచెదురైతే అది రైఫిల్ తప్పో మీ అలసటో చెప్పలేం, విశ్రాంతి తీసుకుని మళ్లీ చూడాలి.

గుంపును కొలిచేటప్పుడు అన్నిటికన్నా దూరంగా ఉన్న రెండు రంధ్రాల మధ్య బిందువుల దూరాన్ని స్కేలుతో కొలవండి. షూటర్లు చెప్పే ఒక మినిట్ ఆఫ్ యాంగిల్ అనే కోణపు కొలత 100 గజాల దగ్గర సుమారు 1.05 అంగుళాలు. కొత్త తరం మినీ-14, మంచి తూటాలతో, బల్ల మీద నుంచి 2 అంగుళాల చుట్టుపక్కల పెడితే అది తన పని తాను చేసినట్టే. 3 అంగుళాలు వచ్చినా సరదా షూటింగ్‌కు అభ్యంతరం లేదు. ఒక అంగుళం కోసం చూసేవారికి ఇది సరైన రైఫిల్ కాదు. ఆ మాట కాల్చకముందే చెప్పవచ్చు. గుంపు గట్టిగా ఉండి లక్ష్యానికి పక్కగా పడితే అది చూపుల సర్దుబాటు సమస్య మాత్రమే. వెనుక చూపును దెబ్బలు ఎటు జరగాలో అటే జరపాలి. అద్దె రైఫిల్ అయితే అడగకుండా ముట్టుకోకండి.

కాలుస్తుండగా ట్రిగ్గర్ నొక్కినా పేలకపోతే, గొట్టాన్ని లక్ష్యంవైపే ఉంచి ముప్పై సెకన్లు ఆగండి. కొన్నిసార్లు ఆలస్యంగా పేలుతుంది. చప్పుడు మామూలుకన్నా నీరసంగా వస్తే అంతకన్నా ప్రమాదం. తూటా గొట్టంలోనే ఇరుక్కుపోయి ఉండవచ్చు, దాని వెనుక మరొకటి కాలిస్తే బ్యారెల్ పగులుతుంది. అలాంటప్పుడు ఆపేసి రేంజ్ అధికారిని పిలవండి. మీరే సరిచేయాలని చూడకండి.

ఏడో మెట్టు: అదే రోజు ఏఆర్‌తో పోల్చండి

ఇది లేకుండా పైదంతా సగం పనే. అదే రోజు, అదే బల్ల మీద, అదే పెట్టెలోని తూటాలతో, మీకు అలవాటైన ఏఆర్‌తో మూడు గుంపులు కాల్చండి. రెండింటికీ చూపులు ఒకే తరహావి ఉండాలి. ఏఆర్ మీద స్కోప్ (దుర్భిణి), మినీ-14 మీద ఇనుప చూపు పెట్టి పోలిస్తే మీరు పోల్చింది రైఫిళ్లను కాదు. రాంచ్ మోడల్‌తో స్కోప్ రింగులు కూడా వస్తాయి కానీ, స్కోప్ పెట్టాక పాతకాలపు కర్ర పిడి మీద చెంప ఆనదు, తల పైకెత్తి చూడాల్సి వస్తుంది. స్కోప్ వాడాలనుకునేవారు ఈ ఇబ్బందిని కొనకముందే అనుభవించి చూడటం మంచిది.

తర్వాత నిలబడి, మోకాలి మీద కూర్చుని ఐదేసి తూటాలు కాల్చండి. బల్ల మీద ఓడిపోయిన రైఫిల్ నిలబడి కాల్చేటప్పుడు గెలవడం నేను చాలాసార్లు చూశాను. మినీ-14 బరువు 7 పౌండ్ల చుట్టుపక్కల, అంటే మూడు కిలోలకు పైగా ఉంటుంది. ఆ బరువు రెండు చేతుల మధ్య పడే తీరు కొందరి భుజానికి బాగా కుదురుతుంది. పిడి పొడవు మార్చుకునే వీలు మామూలు మోడల్‌లో లేదు కాబట్టి, పొట్టిగా ఉన్నవారు, ఇంట్లో ఆడవారు కూడా కాల్చాలనుకునేవారు వారి చేత కూడా పట్టించి చూడాలి. నోటుబుక్కులో అంకెలతోపాటు ఒక వాక్యం కూడా రాసుకోండి: ముప్పై తూటాల తర్వాత ఇంకా కాల్చాలనిపించిందా, చాలనిపించిందా.

డబ్బు సంగతి కూడా అప్పుడే లెక్కవేయండి. ఏఆర్ మ్యాగజైన్లు, విడిభాగాలు ప్రతి దుకాణంలో, ప్రతి కంపెనీవీ దొరుకుతాయి. మినీ-14 మ్యాగజైన్లు దానికి మాత్రమే సరిపోతాయి, ధరా ఎక్కువే. చౌకగా దొరికే ఇతర కంపెనీల మ్యాగజైన్లతో తూటా అడ్డంపడిందన్న ఫిర్యాదులు మామూలే. రైఫిల్ ధర ఒకటే చూసి నిర్ణయించినవారు ఏడాది తర్వాత ఈ ఖర్చు దగ్గర ఆగిపోతారు. కొనడానికే సిద్ధపడితే, లైసెన్సు ఉన్న డీలరు దగ్గర 4473 నంబరు ఫారం నింపాలి. 1998 నుంచి అమలులో ఉన్న ఎఫ్‌బీఐ నేపథ్య పరిశీలన జరుగుతుంది. గ్రీన్‌కార్డు ఉన్నవారు ఆ కార్డు మీది ఏ-నంబరు రాయాలి. ఆ ఫారంలో అబద్ధం రాయడమే ఒక నేరం.

చివరి మెట్టు: ఇంటికి వచ్చాక

తూటాల పొగలో సీసం ఉంటుంది. రేంజ్‌లోనే చల్లని నీటితో, సబ్బుతో చేతులు, ముఖం కడుక్కోండి. ఆ తర్వాతే ఏమైనా తినండి. వేసుకున్న బట్టలు విడిగా ఉతకండి, పసిపిల్లలున్న ఇంట్లో స్నానం చేశాకే వారిని ఎత్తుకోండి. సొంత రైఫిల్ అయితే, ఖాళీ చేసి, తాళం వేసిన పెట్టెలో, తూటాలు వేరేచోట ఉంచి కారు డిక్కీలో తీసుకురండి. ఇంట్లో ఉక్కు సేఫ్ లేకుండా కొనడం గురించి ఆలోచించవద్దు.

రేంజ్‌కు తీసుకెళ్లిన సంచి సంగతి మరచిపోకండి. దాని అడుగున, జేబుల్లో, కుట్ల మధ్య ఒకటి రెండు తూటాలు ఎప్పుడూ మిగిలి ఉంటాయి. అదే సంచిని లగేజీగా ఇండియాకు తెస్తే, శంషాబాద్‌లో ఎక్స్‌రే యంత్రం ఆ ఒక్క తూటాను పట్టుకుంటుంది. మన దేశంలో 1959 నాటి ఆయుధాల చట్టం కింద లైసెన్సు లేకుండా ఒక్క తూటా ఉన్నా కేసు పెట్టవచ్చు. 'మరచిపోయాను' అన్న మాటను తర్వాత కోర్టులో వివరించుకోవాల్సి వస్తుంది. రేంజ్ సంచిని రేంజ్‌కే ఉంచండి. దాని మీద తెల్ల రంగుతో పెద్ద అక్షరాలతో రాసి పెట్టుకోండి, ప్రయాణం రోజు తొందరలో ఇంట్లోవారు దాన్ని తీసి ఊరగాయ సీసాలు సర్దకుండా.